పని సగంలో ఉండగా బ్రాంచి మారాలి: స్టాషా, కమిటా, వర్క్‌ట్రీనా?

విభాగం: గిట్, వర్షన్ కంట్రోల్ | తిరుపతి – చిత్తూరు డెవలపర్ల చర్చ

(ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఉంటాయి. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. – నిర్వాహకులు)

తోతాపురి_కోడ్ (చిత్తూరు)

అందరికీ నమస్తే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తూకం చీటీలు వేసే అప్లికేషన్ ఇది. నా బ్రాంచి (ప్రధాన కోడ్ ‘మెయిన్’ నుంచి విడిగా తీసిన పని దారి) పేరు ‘తూకం-చీటీ’. ఇప్పుడు అందులో ట్రాక్ అయిన (గిట్ గమనిస్తున్న) ఫైళ్లు 11 మారి ఉన్నాయి. కొత్త ఫైళ్లు 3 ఇంకా యాడ్ చేయలేదు. ఒక ఫైల్లో సగం మార్పులు స్టేజ్‌లో, సగం బయట ఉన్నాయి (స్టేజ్ అంటే తర్వాతి కమిట్ కోసం ఎంచి పెట్టే చోటు). బిల్డ్ కూడా కాదు, అంత సగంలో ఉంది పని. ఈలోగా ‘మెయిన్’లో నికర బరువు లెక్క తప్పుతా ఉంది. సీజన్ కదా, వేబ్రిడ్జి దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి, ఈరోజే సరిచేయాల.

‘గిట్ స్విచ్ మెయిన్’ అంటే ‘యువర్ లోకల్ ఛేంజెస్ టు ద ఫాలోయింగ్ ఫైల్స్ వుడ్ బి ఓవర్‌రిటెన్ బై చెకౌట్’ అని ఆపేస్తా ఉంది. ఇంతకుముందు ఇట్లాంటి మార్పులతోనే ఏమీ అనకుండా మారింది. ఎందుకు ఒకసారి ఒప్పుకుంటుంది, ఒకసారి ఒప్పుకోదు?

రెండోది, స్టాష్ చేయాలా (మార్పులను తాత్కాలికంగా పక్కన దాచడం), సగం పనినే కమిట్ చేయాలా (చరిత్రలో నమోదు చేయడం)?

మూడోది, డేటాబేస్ కనెక్షన్ ఉండే కాన్ఫిగ్ ఫైల్ నా మిషన్‌లో ఎప్పుడూ మారినట్టే చూపిస్తుంది. దాన్ని స్టేటస్‌లో కనపడకుండా చేయడం ఎట్లా?

అలిపిరి_మెట్లు (తిరుపతి)

మొదటి ప్రశ్నకు చెబుతాను, మిగతా రెండూ దాని మీదే ఆధారపడతాయి.

కమిట్ కాని మార్పు ఏ బ్రాంచికీ చెందదు. మీరు ‘తూకం-చీటీ’లో కూర్చుని రాశారు కాబట్టి అది ఆ బ్రాంచిది అనుకుంటాం, గిట్‌కు ఆ లెక్క లేదు. గిట్ చూసేవి మూడు చోట్లు: ప్రస్తుత కమిట్ అంటే హెడ్, స్టేజ్ చేసినవి ఉండే ఇండెక్స్, డిస్కు మీద మీకు కనిపించే ఫోల్డర్. బ్రాంచి మారమన్నప్పుడు అది హెడ్‌నూ వెళ్లాల్సిన బ్రాంచి కొసనూ పోల్చి, రెండింటి మధ్య తేడా ఉన్న ఫైళ్లను మాత్రమే డిస్కు మీద తిరగరాస్తుంది. మీరు మార్చిన ఫైలు రెండు బ్రాంచిల్లోనూ ఒకేలా ఉంటే దాని జోలికి పోదు, మీ మార్పు మీ వెంటే కొత్త బ్రాంచికి వచ్చేస్తుంది. తేడా ఉంటే మీ మార్పును తుడిచి రాయాల్సి వస్తుంది, అందుకే ఆపేస్తుంది. ఇదివరకు మారిందంటే అప్పుడు మీరు ముట్టుకున్న ఫైళ్లేవీ ‘మెయిన్’లో వేరుగా లేవన్నమాట.

యాడ్ చేయని కొత్త ఫైలుకూ ఇదే సూత్రం. అదే పేరుతో అవతలి బ్రాంచిలో ట్రాక్ అయిన ఫైలు ఉంటే ఆపుతుంది, లేకపోతే వదిలేస్తుంది. కానీ మీ కొత్త ఫైలు డాట్‌గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉంటే మాత్రం అడగకుండానే దాని మీద రాసేస్తుంది. ఇగ్నోర్ చేశారంటే పోయినా ఫరవాలేదని దాని భావన. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీ మూడో ప్రశ్నకు ఇదే ముఖ్యం.

మారకముందే తెలుసుకోవాలంటే ‘గిట్ డిఫ్ --నేమ్-ఓన్లీ హెడ్ మెయిన్’ కొట్టండి. ఆ జాబితాలోనూ ‘గిట్ స్టేటస్ --షార్ట్’లోనూ ఉన్న పేర్లే అడ్డం పడేవి. షార్ట్ స్టేటస్‌లో ఎడమ అక్షరం ఇండెక్స్‌ది, కుడి అక్షరం డిస్కుది. సగం స్టేజ్ అయిన మీ ఫైలు పక్కన రెండు ‘ఎం’లు కనిపిస్తాయి.

ఆపింది కదా అని ‘--ఫోర్స్’, ‘--డిస్కార్డ్-ఛేంజెస్’ వాడకండి. రెండూ ఒకటే పని చేస్తాయి, స్టేజ్‌లో లేని మార్పులు తిరిగి రాకుండా పోతాయి. ‘గిట్ స్విచ్ --మెర్జ్ మెయిన్’ అని ఇంకోటి ఉంది. అది మీ మార్పులను కొత్త బ్రాంచి మీద మూడు వైపుల మెర్జ్‌తో కలపడానికి చూస్తుంది. సగం పని అంతా హాట్‌ఫిక్స్‌లోకి (అత్యవసర సవరణలోకి) వచ్చి పడుతుంది కాబట్టి మీకు అదీ పనికిరాదు.

పాత గిట్ వాడేవాళ్లకు: స్విచ్, రీస్టోర్ వచ్చింది 2.23తో, 2019 ఆగస్టులో. అంతకుముందు రెండు పనులూ చెకౌట్ ఒక్కటే చేసేది. బ్రాంచి మార్చడానికీ ఫైల్లో మార్పులు పారేయడానికీ ఒకే ఆదేశం ఉండటం ప్రమాదం, దయచేసి కొత్తవాటికి మారండి.

చంద్రగిరి_టెర్మినల్ (చంద్రగిరి)

రెండో ప్రశ్నకు నా మాట స్టాష్. కాకపోతే ఉత్త ‘గిట్ స్టాష్’ కాదు. మీ పరిస్థితికి ఇది (టేర్ అంటే ఖాళీ లారీ బరువు):

గిట్ స్టాష్ పుష్ --ఇన్‌క్లూడ్-అన్‌ట్రాక్డ్ --మెసేజ్ "తూకం చీటీ: టేర్ బరువు సగం"

‘--ఇన్‌క్లూడ్-అన్‌ట్రాక్డ్’ లేకపోతే ఆ 3 కొత్త ఫైళ్లు అక్కడే ఉండిపోయి, మెయిన్‌లో బిల్డ్ చేసినప్పుడు అందులో కలుస్తాయి. హాట్‌ఫిక్స్ మీ మిషన్‌లో పనిచేసి సర్వర్‌లో విరిగిపోవడానికి ఇదొక కారణం. మెసేజ్ రాయకపోతే జాబితాలో ‘విప్ ఆన్ తూకం-చీటీ’ అని ఒకేలాంటి వరుసలు పేరుకుంటాయి (విప్ అంటే ఇంకా జరుగుతున్న పని).

‘--ఆల్’ మాత్రం వద్దు. అది ఇగ్నోర్ చేసినవాటినీ లోపలికి లాగేస్తుంది. అంటే నోడ్‌మాడ్యూల్స్ (ప్యాకేజీల ఫోల్డర్), బిల్డ్ ఫోల్డర్, డాట్‌ఎన్వ్ (మిషన్ సెట్టింగులు ఉండే ఫైలు) అన్నీ. చాలాసేపు పడుతుంది, పైగా డాట్‌ఎన్వ్ కనపడక అప్లికేషన్ లేవదు.

తిరిగి వచ్చాక ‘గిట్ స్టాష్ పాప్ --ఇండెక్స్’. ఆ ‘--ఇండెక్స్’ వదిలేస్తే మీరు కష్టపడి సగం స్టేజ్ చేసిన ఫైలు మొత్తం స్టేజ్ బయటికి వచ్చేస్తుంది, హంక్‌లు (మార్పుల ముక్కలు) మళ్లీ ఏరుకోవాల్సిందే.

పాప్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే కంగారు పడొద్దు. అలాంటప్పుడు స్టాష్ జాబితాలోంచి తొలగిపోదు, అక్కడే ఉంటుంది. కాన్‌ఫ్లిక్ట్ సరిచేసి, అంతా వచ్చిందని చూసుకున్నాక ‘గిట్ స్టాష్ డ్రాప్’ మీరే కొట్టాలి. బ్రాంచి చాలా ముందుకెళ్లిపోయి అన్నీ కాన్‌ఫ్లిక్టులే అయితే ‘గిట్ స్టాష్ బ్రాంచ్ తూకం-పాతది’ కొట్టండి. స్టాష్ చేసినప్పటి కమిట్ దగ్గరే కొత్త బ్రాంచి తెరిచి, దాని మీద స్టాష్‌ను ఇండెక్స్‌తో సహా పరిచి, సజావుగా అయితే తానే డ్రాప్ చేస్తుంది. ఇంత పనికొచ్చే ఆదేశాన్ని ఎక్కువమంది వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కాణిపాకం_బిల్డ్ (కాణిపాకం)

అన్నా, వివరాలన్నీ సరే, కానీ ఇక్కడ స్టాష్‌తో నేను ఏకీభవించను. 11 ఫైళ్లు, 3 కొత్తవి, మధ్యలో హాట్‌ఫిక్స్, దానికి రివ్యూ, డిప్లాయ్. పది నిమిషాల్లో అయ్యే పని కాదు. స్టాష్ ఏ బ్రాంచి మీదా వేలాడదు. జాబితాలో ఒక వరుస, అంతే. మామూలు పుష్‌తో రిమోట్‌కు (సర్వర్‌లో ఉండే ప్రతికి) వెళ్లదు. ఆ ల్యాప్‌టాప్ డిస్కు పోతే పని పోయినట్టే.

సగం పనిని సొంత బ్రాంచిలో కమిట్ చేయడంలో తప్పేం లేదు. కమిట్ అంటే పూర్తయిందని ప్రకటించడం అన్న భావనే ఇబ్బంది పెడుతుంది. మెయిన్‌లో చేరేటప్పుడు చరిత్ర శుభ్రంగా ఉండాలి, మీ బ్రాంచిలో రోజువారీగా ఎలా ఉన్నా నష్టం లేదు.

స్టేజ్ విభజన పోకుండా ఉండాలంటే రెండు కమిట్లుగా చేయండి.

1. గిట్ కమిట్ --మెసేజ్ "విప్ 1: స్టేజ్ చేసినవి"
2. గిట్ యాడ్ --ఆల్
3. గిట్ కమిట్ --మెసేజ్ "విప్ 2: మిగతావి"

ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కు ముందు తానే నడిచే తనిఖీలో) లింట్, టెస్టులు ఉంటే సగం కోడ్‌ను అది ఒప్పుకోదు. ఈ రెండు కమిట్లకు ‘--నో-వెరిఫై’ జత చేయండి. రెండో మెట్టు ముందు స్టేటస్ ఒకసారి చదవండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు ‘యాడ్ --ఆల్’తో లోపలికి వెళ్తే, పుష్ అయ్యాక దాన్ని చెరపడం కంటే పాస్‌వర్డ్ మార్చేయడమే దారి.

తిరిగి వచ్చాక విప్పేది ఇలా:

1. గిట్ రీసెట్ హెడ్~1
2. గిట్ రీసెట్ --సాఫ్ట్ హెడ్~1

మొదటిది విప్ 2ను విప్పి ఆ మార్పులను స్టేజ్ బయట పెడుతుంది, కొత్త ఫైళ్లు మళ్లీ ట్రాక్ కానివిగా మారతాయి. రెండోది విప్ 1ను విప్పి వాటిని స్టేజ్‌లోనే ఉంచుతుంది. సరిగ్గా మీరు వదిలిన స్థితి. వరుస తారుమారు చేయకండి, మొదట సాఫ్ట్, తర్వాత మామూలుది కొడితే అన్నీ స్టేజ్ బయట కలిసిపోతాయి.

మధ్యలో పుష్ చేసి ఉంటే, విప్పి కొత్తగా కమిట్ చేశాక మామూలు పుష్ తిరస్కరిస్తుంది. అప్పుడు ‘గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్’. ఉత్త ‘--ఫోర్స్’ అయితే ఆ బ్రాంచికి ఇంకెవరైనా పంపినదాన్ని కూడా తుడిచేస్తుంది. లీజ్ ఉంటే మీరు చివరిసారి చూసిన స్థితిలోనే రిమోట్ ఉందా అని సరిచూసి, లేకపోతే ఆగుతుంది. కాకపోతే ఎడిటర్ వెనకాల తానే ఫెచ్ చేస్తూ (రిమోట్ మార్పుల సమాచారం తెచ్చుకుంటూ) ఉంటే ఆ కాపలా బలహీనపడుతుంది. మీరు చూడకపోయినా చూసినట్టే లెక్క కడుతుంది.

చంద్రగిరి_టెర్మినల్ (చంద్రగిరి)

డిస్కు పోతే పోతుందన్నది నిజం, ఒప్పుకుంటాను. కానీ స్టాష్ ఏదో తేలిపోయే వస్తువు అన్నట్టు ఎవరూ అనుకోకూడదు. లోపల అదీ కమిట్టే. దానికి ఇద్దరు తల్లిదండ్రులు: ఒకటి అప్పటి హెడ్, రెండోది ఇండెక్స్‌ను పట్టి ఉంచిన కమిట్. ట్రాక్ కానివి కూడా కలిపితే వాటికి మూడో కమిట్. మామూలు రెఫ్‌లాగ్ (బ్రాంచి కొసలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకునే చిట్టా) వరుసలకు 90 రోజుల గడువు ఉంటుంది, స్టాష్ జాబితాకు డిఫాల్ట్‌గా ఏ గడువూ లేదు. మీరు డ్రాప్ చేసేదాకా ఉంటుంది.

నా లెక్క ఇది: పుల్ చేసి వెంటనే తిరిగి రావడానికి స్టాష్, భోజనం టైము దాటేట్టయితే మీరన్నట్టు కమిట్. తోతాపురి తమ్ముడి పని రెండో రకందే, సరే.

ఏర్పేడు_లినక్స్ (ఏర్పేడు)

రెండూ కాకుండా మూడో దారి ఉంది. ఉన్న ఫోల్డర్‌ను అసలు ముట్టుకోకుండా పక్కన ఇంకో ఫోల్డర్ తెరవడం. గిట్ 2.5 నుంచి, అంటే 2015 జూలై నుంచి వర్క్‌ట్రీ ఉంది.

1. గిట్ ఫెచ్ ఆరిజిన్
2. గిట్ వర్క్‌ట్రీ యాడ్ --నో-ట్రాక్ -బి హాట్‌ఫిక్స్-నికరం ../తూకం-హాట్‌ఫిక్స్ ఆరిజిన్/మెయిన్
3. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి సరిచేసి కమిట్
4. గిట్ పుష్ --సెట్-అప్‌స్ట్రీమ్ ఆరిజిన్ హాట్‌ఫిక్స్-నికరం

లోకల్ ‘మెయిన్’ మీద కాకుండా ‘ఆరిజిన్/మెయిన్’ (రిమోట్‌లోని మెయిన్) మీద మొదలుపెట్టమని కావాలనే చెబుతున్నా. లోకల్ మెయిన్ ఎన్ని రోజుల పాతదో ఎవరికీ గుర్తుండదు. ‘--నో-ట్రాక్’ ఎందుకంటే, అది లేకపోతే కొత్త బ్రాంచి ఆరిజిన్/మెయిన్‌నే తన అప్‌స్ట్రీమ్‌గా (జత రిమోట్ బ్రాంచిగా) పెట్టుకుంటుంది. తర్వాత పుష్ దగ్గర పేర్లు కలవలేదని డిఫాల్ట్ సెట్టింగ్ ఆపుతుంది. ఎవరైనా పుష్ డిఫాల్ట్‌ను ‘అప్‌స్ట్రీమ్’ అని మార్చుకుని ఉంటే నేరుగా మెయిన్‌లోకే పోతుంది.

ఇది ఇంకో క్లోన్ కాదు. చరిత్ర, ఆబ్జెక్టులు అన్నీ పాత రెపోలోవే, కొత్తగా వచ్చేది ఫైళ్ల ప్రతి ఒక్కటే. అందుకే పెద్ద రెపోలో కూడా చప్పున అవుతుంది, నెట్ అక్కర్లేదు. ఒకే బ్రాంచిని రెండు వర్క్‌ట్రీల్లో తెరవనివ్వదు, అది మంచిదే.

తోతాపురి_కోడ్ (చిత్తూరు)

వర్క్‌ట్రీ బాగుందన్నా. యాడ్ చేసినా, ఫోల్డర్ వచ్చింది. కానీ అప్లికేషన్ లేవడం లేదు. ప్యాకేజీలు లేవంటుంది, డాట్‌ఎన్వ్ లేదు. డాకర్ కంపోజ్‌తో డేటాబేస్ లేపితే టేబుళ్లన్నీ ఖాళీ. పోర్ట్ కూడా వాడకంలో ఉందంటుంది.

ఏర్పేడు_లినక్స్ (ఏర్పేడు)

నాలుగూ అనుకున్నవే. వర్క్‌ట్రీలోకి ట్రాక్ అయిన ఫైళ్లే వస్తాయి. ఇగ్నోర్ అయినవి రావు.

ప్యాకేజీలు ఆ ఫోల్డర్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పాత ఫోల్డర్‌లోని నోడ్‌మాడ్యూల్స్‌కు లింకు వేయకండి, రెండు బ్రాంచిల లాక్‌ఫైళ్లు (ప్యాకేజీ వర్షన్ల జాబితాలు) వేరైతే ఒకదానికి చేసిన ఇన్‌స్టాల్ ఇంకోదాన్ని చెడగొడుతుంది. డాట్‌ఎన్వ్ కాపీ చేసుకుని అందులో పోర్ట్ నంబరు మార్చండి, 3000 బదులు 3001 అలా.

డేటాబేస్ ఖాళీగా ఉండటానికి కారణం, డాకర్ కంపోజ్ ప్రాజెక్టు పేరును ఫోల్డర్ పేరు నుంచి తీసుకుంటుంది. ఫోల్డర్ మారింది కాబట్టి కొత్త ప్రాజెక్టు, కొత్త వాల్యూమ్ (డేటా నిల్వ). పాతదానికే కలపాలంటే ‘--ప్రాజెక్ట్-నేమ్’తో పాత ఫోల్డర్ పేరు ఇవ్వండి. కానీ ఆలోచించి ఇవ్వండి. మీ ‘తూకం-చీటీ’ బ్రాంచిలో కొత్త మైగ్రేషన్ (టేబుళ్ల నిర్మాణం మార్చే స్క్రిప్టు) ఏదైనా ఆ డేటాబేస్ మీద ఇప్పటికే నడిచి ఉంటే, మెయిన్ కోడ్‌కు ఆ టేబుళ్లు పొసగవు. అలాంటప్పుడు ఖాళీ డేటాబేస్‌లో సీడ్ డేటా (నమూనా డేటా) వేసుకోవడమే మేలు. ఈ మైగ్రేషన్ తలనొప్పి వర్క్‌ట్రీ వల్ల వచ్చింది కాదు, స్టాష్ చేసి మెయిన్‌కు మారినా ఇదే ఉంటుంది. గిట్ ఫైళ్లను వెనక్కి తీసుకెళ్తుంది, డేటాబేస్‌ను కాదు.

ఇంకో మాట. స్టాష్ జాబితా అన్ని వర్క్‌ట్రీలకూ ఒక్కటే. ఒక ఫోల్డర్‌లో చేసిన స్టాష్‌ను ఇంకోదాంట్లో చూడకుండా పాప్ చేయొద్దు.

పుత్తూరు_ప్యాచ్ (పుత్తూరు)

మూడో ప్రశ్న ఎవరూ తీసుకోలేదు కాబట్టి నేను రాస్తాను. ఇంటర్నెట్‌లో మీకు మొదట దొరికే జవాబు ‘గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --అస్యూమ్-అన్‌ఛేంజ్డ్’. రెండో జవాబు ‘--స్కిప్-వర్క్‌ట్రీ’. రెండూ వద్దు.

అస్యూమ్-అన్‌ఛేంజ్డ్ అనేది ‘ఈ ఫైలును నేను మార్చను, ప్రతిసారీ తనిఖీ చేయకు’ అని మీరు గిట్‌కు ఇచ్చే మాట, వేగం కోసం పెట్టింది. మార్చిన ఫైలుకు ఆ మాట ఇవ్వడమంటే గిట్‌ను తప్పుదారి పట్టించడమే, ఎప్పుడో ఒకప్పుడు మీ మార్పు మీద రాసేస్తుంది. స్కిప్-వర్క్‌ట్రీ ఉన్నది స్పార్స్ చెకౌట్ (రెపోలో కొంత భాగాన్నే డిస్కు మీదికి తెచ్చుకోవడం) కోసం. ట్రాక్ అయిన ఫైల్లో మార్పులు దాచడానికి ఈ రెండూ కావని గిట్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఆచరణలో జరిగేదేమిటంటే, ఎవరో మెయిన్‌లో ఆ కాన్ఫిగ్ ఫైలు మారుస్తారు, మీరు పుల్ చేస్తే ఓవర్‌రైట్ అవుతుందని ఆగుతుంది, స్టేటస్ చూస్తే అంతా శుభ్రం అంటుంది. స్టాష్ చేద్దామంటే స్టాష్ చేయడానికి ఏమీ లేదంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇది అర్థం కావడానికి పూట పడుతుంది. ఇప్పటికే ఎవరైనా వాడి ఉంటే ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -వి’ చూడండి. వరుస మొదట్లో పెద్ద ‘ఎస్’ ఉంటే స్కిప్-వర్క్‌ట్రీ, చిన్న అక్షరం ఉంటే అస్యూమ్-అన్‌ఛేంజ్డ్.

ఫైలును ‘గిట్ ఆర్ఎం --క్యాష్డ్’తో ట్రాకింగ్ నుంచి తీసి, ఇగ్నోర్‌లో పెట్టడం చాలామంది చేస్తారు. అది కూడా చిక్కే. మీ దగ్గర ఫైలు ఉంటుంది, కానీ ఆ కమిట్‌ను పుల్ చేసిన ప్రతివాళ్ల దగ్గరా ఫైలు డిలీట్ అవుతుంది. పైగా అలిపిరి అన్న చెప్పినట్టు, ఫైలు ఇంకా ట్రాక్‌లో ఉన్న పాత బ్రాంచికి మీరు వెళ్తే ఇగ్నోర్ అయిన మీ ఫైలు మీద అడగకుండా రాస్తుంది, తిరిగి వస్తే దాన్నీ తీసేస్తుంది.

పదికాలాలు నిలిచే పద్ధతి: ట్రాక్ అయిన కాన్ఫిగ్ ఫైల్లో అందరికీ పనికొచ్చే విలువలే ఉంచండి. అప్లికేషన్ దాన్ని చదివాక, ‘కాన్ఫిగ్.లోకల్’ లాంటి కొత్త పేరుతో ఇంకో ఫైలు ఉంటే దాన్నీ చదివి ఆ విలువలతో మార్చుకునేలా పది వరుసల కోడ్ రాయండి. ఆ లోకల్ పేరు చరిత్రలో ఎప్పుడూ ట్రాక్ అయి ఉండకూడదు, మొదటి రోజు నుంచే ఇగ్నోర్‌లో ఉండాలి. మీ ఒక్కరికే పనికొచ్చే నోట్సు, స్క్రిప్టులు లాంటివైతే రెపో ఇగ్నోర్ ఫైలును ముట్టుకోకుండా డాట్‌గిట్ ఫోల్డర్‌లోని ‘ఇన్ఫో/ఎక్స్‌క్లూడ్’లో రాసుకోండి.

శ్రీకాళహస్తి_క్యూఏ (శ్రీకాళహస్తి)

దీనికి దగ్గరగానే ఇంకో సమస్య. విండోస్ మిషన్‌లో బ్రాంచి మారగానే వందల ఫైళ్లు మారినట్టు చూపిస్తుంది, డిఫ్ తెరిస్తే కళ్లకు ఏ తేడా కనపడదు. స్టాష్ చేసినా, రీస్టోర్ చేసినా మళ్లీ అవే వస్తాయి.

పుత్తూరు_ప్యాచ్ (పుత్తూరు)

వరుస చివరి గుర్తుల తేడా. ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --ఈఓఎల్’ చూడండి, ఇండెక్స్‌లో ఒకటి, డిస్కు మీద ఇంకోటి కనిపిస్తుంది. ఒక్కొక్కరి మిషన్‌లో ‘కోర్.ఆటోసీఆర్ఎల్ఎఫ్’ మారుస్తూ పోతే తెగదు. రెపోలో డాట్‌గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, మొదటి వరుసలో అన్ని ఫైళ్లకు ‘టెక్స్ట్=ఆటో’, షెల్ స్క్రిప్టులకు ‘ఈఓఎల్=ఎల్ఎఫ్’ రాయండి. తర్వాత ‘గిట్ యాడ్ --రీనార్మలైజ్ .’ చేసి అదొక్కటే విడిగా కమిట్ చేయండి, వేరే మార్పు ఏదీ కలపొద్దు. తెరిచి ఉన్న మిగతా బ్రాంచిలు అన్నిటితోనూ కాన్‌ఫ్లిక్టులు వస్తాయి కాబట్టి, విడుదల అయిపోయి బ్రాంచిలు తక్కువగా ఉన్నప్పుడు చేయండి.

డిఫ్‌లో ‘ఓల్డ్ మోడ్ 100644, న్యూ మోడ్ 100755’ అని మాత్రమే ఉంటే అది ఎగ్జిక్యూట్ పర్మిషన్ తేడా. పర్మిషన్లు సరిగా దాచని డిస్కు మీద ఉన్న రెపోకు ‘గిట్ కాన్ఫిగ్ కోర్.ఫైల్‌మోడ్ ఫాల్స్’ చాలు.

పలమనేరు_డేటా (పలమనేరు)

చర్చ మంచిగా నడుస్తా ఉంది. ఒక్క ప్రశ్న: స్టాష్ డ్రాప్ అయిపోతే, లేదా ఎవరైనా ‘రీసెట్ --హార్డ్’ కొట్టేస్తే ఏది తిరిగొస్తుంది, ఏది రాదు? టీమ్‌కు రాసి పెట్టాలి.

అలిపిరి_మెట్లు (తిరుపతి)

గీత ఎక్కడుందంటే ‘గిట్ యాడ్’ దగ్గర. యాడ్ చేసిన క్షణంలో ఫైల్లో ఉన్నదంతా గిట్ తన ఆబ్జెక్టుల్లో రాసుకుంటుంది. ఆ తర్వాత ఏం జరిగినా కొంతకాలం అది డిస్కు మీద ఉంటుంది. యాడ్ చేయనిది గిట్ ఎప్పుడూ చూసి ఉండదు, అది దేన్ని తిరిగిస్తుంది?

డ్రాప్ అయిన స్టాష్: డ్రాప్ చేసినప్పుడు టెర్మినల్‌లో హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు సంఖ్య) ప్రింటవుతుంది. పైకి స్క్రోల్ చేసి దాన్ని పట్టుకుని ‘గిట్ స్టాష్ అప్లై’ పక్కన ఇవ్వండి, వచ్చేస్తుంది. టెర్మినల్ మూసేసి ఉంటే ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --నో-రెఫ్‌లాగ్స్ --అన్‌రీచబుల్’ కొట్టి, వచ్చిన కమిట్లలో మెసేజ్ ‘విప్ ఆన్’ అనో ‘ఆన్ తూకం-చీటీ’ అనో మొదలయ్యేదాన్ని ‘గిట్ షో’తో వెతకండి. స్టాష్‌కు మెసేజ్ రాయడం ఇక్కడ అక్కరకొస్తుంది.

రీసెట్ --హార్డ్: కమిట్ అయినవి ‘గిట్ రెఫ్‌లాగ్’లో దొరుకుతాయి. స్టేజ్ చేసి కమిట్ చేయనివి ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’తో డాట్‌గిట్ లోపల ‘లాస్ట్-ఫౌండ్/అదర్’లో పడతాయి. ఫైలు పేర్లు ఉండవు, హ్యాష్‌లే ఉంటాయి, లోపల ఏదైనా తెలిసిన ఫంక్షన్ పేరు పెట్టి గ్రెప్ చేసుకోవాలి. స్టేజ్ చేయనివి గిట్‌లో లేవు. ఎడిటర్ లోకల్ హిస్టరీ ఒక్కటే ఆశ. విఎస్ కోడ్‌లో టైమ్‌లైన్, జెట్‌బ్రెయిన్స్‌లో లోకల్ హిస్టరీ చూడండి.

గిట్ క్లీన్: ట్రాక్ కాని ఫైళ్లు రీసైకిల్ బిన్‌కు కూడా పోకుండా చెరిగిపోతాయి. ఎప్పుడూ ముందు ‘--డ్రై-రన్’. ‘-ఎక్స్’ కలిపితే ఇగ్నోర్ అయిన డాట్‌ఎన్వ్ కూడా పోతుంది.

గడువులు కూడా రాసి పెట్టండి. రెఫ్‌లాగ్‌లో మామూలు వరుసలకు 90 రోజులు, ప్రస్తుత బ్రాంచి కొస నుంచి చేరలేని కమిట్ల వరుసలకు 30 రోజులు. ఏ రెఫ్‌లాగ్ కూడా పట్టి ఉంచని ఆబ్జెక్టులను చెత్త ఏరివేత రెండు వారాలు ఆగి తీసేస్తుంది. డ్రాప్ అయిన స్టాష్ ఈ ఆఖరి కోవలోకి వస్తుంది, అంటే ఆలస్యం పనికిరాదు. పోయిందని తెలియగానే ‘గిట్ జీసీ --ప్రూన్=నౌ’ జోలికి ఎవరినీ పోనివ్వకండి.

కాణిపాకం_బిల్డ్ (కాణిపాకం)

బ్రాంచిలు తీసేయడం గురించి కూడా పలమనేరు అన్న రాసే పత్రంలో ఉంటే బాగుంటుంది.

‘గిట్ బ్రాంచ్ -డి’లో చిన్న డి వాడితే, ఆ బ్రాంచి తన అప్‌స్ట్రీమ్‌లోనో, అది లేకపోతే హెడ్‌లోనో కలిసిందా అని చూసి, లేదంటే ఆగుతుంది. పెద్ద డి అడగదు. చిక్కు స్క్వాష్ మెర్జ్‌తో (కమిట్లన్నిటినీ ఒక్కటిగా చేసి కలపడంతో) వస్తుంది. స్క్వాష్‌లో మెయిన్‌కు చేరేది కొత్త కమిట్, మీ పాత కమిట్లు అక్కడ ఉండవు. కాబట్టి పని చేరినా ‘కలవలేదు’ అనే అంటుంది, జనం పెద్ద డి అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటుతోనే నిజంగా కలవని బ్రాంచి కూడా పోతుంది. పెద్ద డి కొట్టేముందు పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిందా, దాని తర్వాత లోకల్‌గా ఏమైనా కమిట్ చేశారా చూసుకోండి. ‘గిట్ ఫెచ్ --ప్రూన్’ చేశాక ‘గిట్ బ్రాంచ్ -వివి’లో ‘గాన్’ అని ఉన్నవి రిమోట్‌లో తీసేసినవి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పొరపాటున తీసేసినా తీసేటప్పుడు ‘వాజ్ 4817203’ అని హ్యాష్ చూపిస్తుంది. ‘గిట్ బ్రాంచ్ తూకం-చీటీ 4817203’ అంటే తిరిగొచ్చేసింది. బ్రాంచి సొంత రెఫ్‌లాగ్ దానితోపాటే పోతుంది, హెడ్ రెఫ్‌లాగ్ మిగులుతుంది, కాబట్టి ఆ బ్రాంచిలో ఎప్పుడైనా కూర్చుని పనిచేసి ఉంటే హ్యాష్ అందులో దొరుకుతుంది.

చంద్రగిరి_టెర్మినల్ (చంద్రగిరి)

దానికి తోడు, బ్రాంచి తీయకుండా మెయిన్‌లోనే కమిట్లు చేసేసినప్పుడు: ‘గిట్ బ్రాంచ్ కొత్త-పని’ అని పేరు తగిలించి, ‘గిట్ రీసెట్ --కీప్ ఆరిజిన్/మెయిన్’ కొట్టి, ‘గిట్ స్విచ్ కొత్త-పని’. ఇక్కడ అందరూ ‘--హార్డ్’ రాస్తారు, అది కమిట్ కాని మార్పులను కూడా ఊడ్చేస్తుంది. ‘--కీప్’ వాటిని ఉంచుతుంది, ఉంచలేకపోతే ఆగిపోతుంది. హార్డ్ రాయబోయే ప్రతిచోటా కీప్ సరిపోతుందేమో చూడండి.

తోతాపురి_కోడ్ (చిత్తూరు)

అందరికీ చాలా థాంక్స్. వర్క్‌ట్రీలోనే సరిచేసి, ఖాళీ డేటాబేస్‌లో సీడ్ డేటా వేసి పరీక్షించి పంపినా. మెర్జ్ అయి సర్వర్‌కు వెళ్లింది, గేటు దగ్గర చీటీలు సరిగా వస్తా ఉన్నాయి. నా 11 ఫైళ్లు, 3 కొత్తవి, సగం స్టేజ్ ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రం కాణిపాకం అక్క చెప్పినట్టు రెండు కమిట్లు చేసి బ్రాంచిని పుష్ చేస్తాను. ఇప్పుడు ఆ నికర బరువు సవరణ నా బ్రాంచిలోకి తెచ్చుకోవాల. కమిట్ చేయకముందే ‘రీబేస్ --ఆటోస్టాష్’ (మార్పులు దాచి, నా కమిట్లను కొత్త మెయిన్ మీద తిరిగి పేర్చడం) కొట్టొచ్చా?

కాణిపాకం_బిల్డ్ (కాణిపాకం)

కొట్టొచ్చు తమ్ముడూ, కానీ కమిట్ చేశాకే చేయమంటాను. ఆటోస్టాష్ ట్రాక్ అయిన ఫైళ్లనే దాస్తుంది, నీ 3 కొత్త ఫైళ్లు దాంట్లోకి రావు. పైగా తిరిగి పరిచేటప్పుడు ‘--ఇండెక్స్’ వాడదు, సగం స్టేజ్ పోతుంది. చివర్లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే మార్పులు స్టాష్ జాబితాలో భద్రంగా ఉన్నాయని చెప్పి వదిలేస్తుంది, నువ్వే పాప్ చేసుకోవాలి. రెండు కమిట్లు చేసి, ‘గిట్ ఫెచ్ ఆరిజిన్’, ‘గిట్ రీబేస్ ఆరిజిన్/మెయిన్’. టేర్ బరువు ఫైల్లో కాన్‌ఫ్లిక్ట్ తప్పకుండా వస్తుంది. కుదరట్లేదనిపిస్తే ‘గిట్ రీబేస్ --అబార్ట్’ కొడితే మొదలుపెట్టిన చోటికే వస్తావు. కమిట్లు చేసి ఉన్నావు కాబట్టి ఏదీ పోదు. ఆ బ్రాంచిలో నీతోపాటు ఇంకెవరైనా పనిచేస్తుంటే మాత్రం రీబేస్ కాదు, మెర్జ్ చేయి.

ఏర్పేడు_లినక్స్ (ఏర్పేడు)

హాట్‌ఫిక్స్ ఫోల్డర్‌ను ఫైల్ మేనేజర్‌లో డిలీట్ చేయొద్దు. అందులో లేపిన కంటైనర్లను ముందు దించి, పాత ఫోల్డర్‌లో నిలబడి ‘గిట్ వర్క్‌ట్రీ రిమూవ్ ../తూకం-హాట్‌ఫిక్స్’ కొట్టు. కమిట్ కానిదో ట్రాక్ కానిదో ఏదైనా మిగిలి ఉంటే అదే ఆగి చెబుతుంది. ఇప్పటికే చేత్తో తీసేసి ఉంటే ‘గిట్ వర్క్‌ట్రీ ప్రూన్’. ఆ తర్వాతే హాట్‌ఫిక్స్ బ్రాంచిని తీయగలవు, వర్క్‌ట్రీలో తెరిచి ఉన్న బ్రాంచిని పెద్ద డి కూడా తీయదు.